రెండో ప్రపంచ యుద్ధంలో అన్నిటికంటే గొప్ప విమానం ఏది? నా ఓటు డకోటాకే

[తెర మీద: మేఘాలను చీల్చుకుంటూ వస్తున్న స్పిట్‌ఫైర్. ఇంజిన్ హోరు.]

రెండో ప్రపంచ యుద్ధంలో అన్నిటికంటే గొప్ప విమానం ఏదని అడిగితే ముందుగా వినిపించే పేరు ఇదే, బ్రిటన్ ఫైటర్ స్పిట్‌ఫైర్. ఆ మాట ముగియకముందే ఒకరు అమెరికా మస్టాంగ్ అంటారు, ఇంకొకరు జపాన్ జీరో అంటారు. ఎన్ని తయారయ్యాయని చూస్తే సోవియట్ ఇల్యూషిన్-2 ముందుంటుంది, 36 వేలకు పైగా వచ్చాయి. వేగం చూస్తే జర్మనీ జెట్ విమానం మెస్సర్‌ష్మిట్-262. ఎనభై ఏళ్లయినా ఈ వాదన తెగలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొలబద్ద ఉంటే ఎలా తెగుతుంది?

నా కొలబద్ద ఇది. ఒక విమానాన్ని యుద్ధంలోంచి పూర్తిగా తీసేసి చూడండి. అది చేసిన పని ఇంకేదైనా చేయగలిగేదా?

[తెర మీద: 1940 వేసవి, ఇంగ్లండ్ పచ్చిక మైదానంలో బారులు తీరిన హరికేన్లు.]

స్పిట్‌ఫైర్‌నే తీసుకుందాం. అది మొదటిసారి గాలిలోకి లేచింది 1936 మార్చి 5న. దాన్ని రూపొందించిన రెజినాల్డ్ మిచెల్ మరుసటి ఏడాదే, 42 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తన విమానం దేశానికి ఎలా అండగా నిలిచిందో ఆయన చూడనే లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అయితే 1940లో జర్మనీ విమానాలు దాడికి వచ్చినప్పుడు బ్రిటన్ ఆకాశంలో ఎక్కువగా ఉన్నవి హరికేన్ అనే మరో బ్రిటిష్ ఫైటర్లు. శత్రు విమానాలను ఎక్కువగా కూల్చిందీ హరికేన్లే. స్పిట్‌ఫైర్ లేకపోతే నష్టం భారీగా ఉండేది, కానీ ఎదురు నిలవడానికి మరో విమానం ఉంది.

మస్టాంగ్ సంగతీ అంతే. బాంబర్లకు కాపలాగా బెర్లిన్ దాకా వెళ్లి తిరిగి రాగలగడం దాని ఘనత. కానీ 1944 మార్చిలో బెర్లిన్ మీదికి అందరికంటే ముందు చేరిన అమెరికన్ ఫైటర్లు లైట్నింగ్‌లు.

ఇప్పుడు సరకును, సైనికులను మోసే డకోటాను తీసేసి చూడండి.

[తెర మీద: ఆలివ్ రంగు డకోటా, ఎడమవైపు పెద్ద సరకు తలుపు తెరిచి ఉంది.]

ఈ విమానానికి తుపాకీ లేదు. చాలావాటికి పైలట్ల చుట్టూ ఉక్కు కవచం కూడా లేదు. మామూలుగా గంటకు 260 కిలోమీటర్ల వేగంతో పోయేది, స్పిట్‌ఫైర్ వేగంలో అది సగం కూడా కాదు. అసలు యుద్ధం కోసం పుట్టిన విమానమే కాదిది. రాత్రి ప్రయాణికులు పడుకుని వెళ్లడానికి బెర్తులున్న విమానం కావాలని ఒక అమెరికన్ సంస్థ అడిగితే డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-3కి సైనిక రూపం. డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. రైట్ సోదరులు ఎగిరి సరిగ్గా 32 ఏళ్లయిన రోజది.

దాని బలమంతా రెక్కలో ఉంది. బరువు ఒకే దూలం మీద పడకుండా పలు దూలాలకు పంచేలా కట్టారు. అందుకే తూట్లు పడినా, తుఫానులో ఊగిపోయినా రెక్క నిలిచేది. ఒక్కొక్కటి 1,200 హార్స్‌పవర్ ఇచ్చే రెండు ఇంజిన్లు. సిమెంటు రన్‌వే అక్కరలేదు, చదును చేసిన పొలమైనా సరిపోయేది. 28 మంది సైనికులను గానీ, రెండున్నర టన్నులకు పైగా సరకును గానీ మోసేది. ఇలాంటివి పది వేలకు పైగా తయారయ్యాయి. జపాన్ యుద్ధానికి ముందే లైసెన్స్ కొని సొంతంగా తయారుచేసుకుంది, సోవియట్ యూనియన్ కూడా అంతే. శత్రువు కూడా కోరి తయారుచేసుకున్న విమానం ఇది!

నార్మండీ గురించి చాలామందికి తెలుసు. 1944 జూన్ 5 రాత్రి ఎనిమిది వందలకు పైగా డకోటాలు దాదాపు 13 వేల మంది అమెరికన్ పారాట్రూపర్లను చీకట్లో ఫ్రాన్స్ మీద దింపాయి. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది మాత్రం మన మణిపూర్ గురించి.

[తెర మీద: ఇంఫాల్ మైదానం పటం. చుట్టూ కొండలు. ఉత్తరాన దీమాపూర్ వెళ్లే రోడ్డు ఎర్రగా తెగిపోతుంది.]

అదే ఏడాది మార్చి నెలాఖరున జపాన్ సైన్యం ఇంఫాల్–దీమాపూర్ రోడ్డును తెగ్గొట్టింది. లోపల దాదాపు లక్షన్నర మంది సైనికులు, అందులో ఎక్కువమంది భారతీయులు. వాళ్లకు బియ్యం, పిండి, మందుగుండు, పెట్రోలు, మందులు అన్నీ ఆకాశం నుంచే రావాలి. జూన్ 22న రోడ్డు మళ్లీ తెరుచుకునే దాకా అలాగే వచ్చాయి. అంతకుముందే బర్మా తీరంలోని అరకాన్‌లో పోరాడుతున్న 5వ భారత డివిజన్‌ను ఫిరంగులతో, జీపులతో, కంచర గాడిదలతో సహా విమానాల్లో ఎక్కించి ఈ రంగానికి తరలించారు. కమాండో అనే పెద్ద విమానాలు కొన్ని తోడయ్యాయి, నిజమే. కానీ రోజువారీ చాకిరీ డకోటాలదే.

కొండల మీది దళాలకు బియ్యం ఎలా వేసేవారో తెలుసా? సంచిని నిండుగా కాకుండా వదులుగా నింపి, దాన్ని ఇంకా పెద్ద గోనెలో పెట్టి, పారాచూట్ లేకుండానే తోసేసేవారు. నేలను తాకి లోపలి సంచి పగిలినా గింజలు బయటి గోనెలో మిగిలేవి. పారాచూట్లకు పట్టు దొరకకపోతే, ఈ రంగంలో బ్రిటిష్-భారత సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ మనుషులు కలకత్తా జనపనార మిల్లులను ఆశ్రయించారు. గోనెపట్టతో పారాచూట్లు! చాలా చవకగా తయారయ్యాయి, చక్కగా పనిచేశాయి.

అప్పటికే వర్షాకాలం. కొండల మీద కమ్ముకున్న ఉరుము మేఘాల్లో చిక్కితే ఎంత గట్టి విమానానికైనా గండమే. అయినా రోజూ వెళ్లేవారు. తిరుగు ప్రయాణంలో క్షతగాత్రులను తెచ్చేవారు. గాయపడినవాడిని అడవి దారిలో రోజుల తరబడి మోసుకెళ్లాల్సిన చోట, అతడు గంటల్లో ఆసుపత్రికి చేరేవాడు.

స్పిట్‌ఫైర్ అభిమానులు ఇక్కడ ఆపి అడుగుతారు: పైన కాపలా లేకపోతే ఈ డకోటాలు బతికేవా? న్యాయమైన ప్రశ్న. 1943 చివర్లో స్పిట్‌ఫైర్లు ఈ రంగానికి వచ్చాకే జపాన్ ఫైటర్ల జోరు తగ్గింది. ఆ దళాల్లో ఒకటి 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు, చిహ్నం మీద నిజాం తలపాగా. అది 1940లో బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధంలో పోరాడి, తర్వాత బర్మా సరిహద్దుకు వచ్చిన దళం. వాళ్ల పనిని తక్కువ చేయను. కానీ ఆ కాపలా కాసింది దేనికి? సరకు దించే విమానం క్షేమంగా చేరడానికే కదా.

యుద్ధం ముగిశాక, ఐరోపాలో మిత్రరాజ్యాల సేనలను నడిపిన అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ గెలుపుకు కీలకమైన సామగ్రిని చెబుతూ బుల్డోజర్, జీపు, ట్రక్కుల సరసన డకోటాను నిలిపాడు. వాటిలో ఏదీ పోరాడటానికి తయారైంది కాదని ఆయనే గుర్తుచేశాడు.

[తెర మీద: బేగంపేట పాత విమానాశ్రయం నలుపు-తెలుపు చిత్రం.]

యుద్ధ విమానాలు చాలావరకు తుక్కుకు పోయాయి. డకోటాలు మాత్రం ప్రయాణికులను ఎక్కించుకున్నాయి. బేగంపేట నుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఇవే. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్‌ను శ్రీనగర్‌లో దించింది ఇవే. 1948 మే 24న మన వాయుసేన అధికారి మెహర్ సింగ్, సైన్యాధికారి జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, 11 వేల అడుగుల ఎత్తున లేహ్‌లో అప్పటికప్పుడు చదును చేసిన నేల మీద దిగింది కూడా డకోటాలోనే.

[తెర మీద: వీపీ 905 సంఖ్య ఉన్న డకోటా, ప్రొపెల్లర్లు తిరగడం మొదలవుతుంది.]

శ్రీనగర్‌లో దిగిన విమానం సంఖ్యనే పెట్టుకున్న ఈ డకోటా పేరు పరశురామ. తుక్కు నుంచి కాపాడి బ్రిటన్‌లో బాగుచేశారు. 2018 ఏప్రిల్‌లో అక్కడినుంచి బయలుదేరి, మధ్యధరా సముద్రం, అరేబియా ఎడారులు దాటి జామ్‌నగర్‌లో దిగింది. ఓడలో తేలేదు. తన రెక్కల మీదే ఎగిరి వచ్చింది.