గాలికి తిరిగే మోటారు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు పాత మోటార్లు ఉన్నాయి. రెండింటికీ నేనే అయస్కాంతాలు పెట్టి గాలిమర జనరేటర్లుగా మార్చాను. మొదటిది స్తంభం మీద రోజుల తరబడి కదలకుండా కూర్చుంది. రెండోది చిరుగాలికే తిరిగింది. ఆ తేడా గురించే ఈ రోజు మాట్లాడతాను.

ఇలాంటి ఇండక్షన్ మోటారులో తిరిగే భాగం, అంటే రోటర్‌లో అయస్కాంతం ఉండదు. ఇనుప రేకుల దొంతర, అందులో అల్యూమినియం కడ్డీలు, అంతే. చుట్టూ కదలకుండా ఉండే భాగానికి, అంటే స్టేటర్‌కు కరెంటు ఇచ్చినప్పుడే దానికి అయస్కాంత గుణం వస్తుంది. అందుకే ఆ రోటర్‌ను లేత్ మీద చెక్కి సన్నం చేసి, పైన ఉక్కు గొట్టం బిగించి, దాని మీద నియోడిమియం అయస్కాంతాలు అతికిస్తాం. నాలుగు పోళ్ల, అంటే నాలుగు ధ్రువాల మోటారయితే నాలుగు వరసలు: ఉత్తరం, దక్షిణం, మళ్లీ ఉత్తరం, దక్షిణం. స్టేటర్ తీగచుట్టల (వైండింగ్) జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 2 మీటర్ల వ్యాసం ఉన్న రెక్కలు, సెకనుకు 5 మీటర్ల గాలిలో, నిమిషానికి దాదాపు 300 చుట్లు తిరుగుతాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద ఈ మోటారు లెక్క 1500 చుట్లు. వేగం ఐదో వంతు కాబట్టి వోల్టేజీ కూడా ఐదో వంతే, అంటే 400 వోల్టుల మోటారు నుంచి 80 ప్రాంతంలో. అయస్కాంతాల బలాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. డయోడ్లు పెట్టి ఒకే దిశ కరెంటుగా మార్చి బ్యాటరీ నింపుకోవడానికి అది చాలు. ఆరు పోళ్ల మోటారు దొరికితే ఇంకా మేలు. కానీ ఆ గాలిలో ఆ రెక్కల మీదికి వచ్చే శక్తి మొత్తం 235 వాట్లే. బెట్జ్ సూత్రం ప్రకారం అందులో 59.3 శాతం దాటి ఎవరూ తీయలేరు. మనం చేత్తో చేసుకున్న రెక్కలు మూడో వంతు తీసినా నాకు సంతోషమే.

ఆగి ఉన్న రెక్కలకైతే ఆ బలం కూడా ఉండదు. అక్కడే నా మొదటి మోటారు ఓడిపోయింది. షాఫ్టు పట్టుకుని తిప్పితే టక్, టక్ మని ఆగేది. స్టేటర్‌లో తీగచుట్టలు కూర్చునే గాడులు 36 ఉన్నాయి. వాటి మధ్య ఉన్న ఇనుప పళ్లకు అయస్కాంతం అంచు ఎదురైన ప్రతిచోటా, అంటే ప్రతి 10 డిగ్రీలకు ఒకసారి, రోటర్ పట్టేస్తుంది. నేను అయస్కాంతాలను షాఫ్టుకు సమాంతరంగా, చాలా అందంగా, తిన్నగా అతికించాను. తప్పంతా ఆ తిన్నదనంలోనే ఉంది.

రెండోదాంట్లో ప్రతి వరసనూ ఒక చివర నుంచి ఇంకో చివరకు సరిగ్గా ఒక గాడి దూరం వాల్చాను. 80 మిల్లీమీటర్ల రోటర్ మీద అది 7 మిల్లీమీటర్లు. ఒక ముక్క పంటిని వదిలే చోట ఇంకో ముక్క పట్టుకుంటుంది కాబట్టి లాగుళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇందువల్ల వోల్టేజీలో పోయేది అరశాతమే. కాగితం మీద వాలు గీతలు గీసి, రోటర్‌కు చుట్టి, ఆ గీతల వెంట అతికించండి. ఈ ఒక్క పనికి రెండు రోజులు పట్టినా తొందరపడకండి.

జిగురును మాత్రం నమ్మొద్దు. ఎపాక్సీ జిగురు ఆరాక పైన గ్లాస్ ఫైబర్ బిగించి చుట్టండి. రోటర్‌ను స్టేటర్‌లోకి చేత్తో దింపకండి. అది ఒక్క ఉదుటున లోపలికి లాక్కుంటుంది, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. పొడవాటి మర బోల్టు పెట్టి కొంచెం కొంచెంగా దించాలి.

ఇప్పుడు ముందుకు వచ్చి రెండింటినీ తిప్పి చూడండి. తర్వాత రెండోదాని మూడు వైర్లూ కలిపి ముడివేస్తాను, అప్పుడు మళ్లీ తిప్పండి. పాకంలో గరిటె తిప్పినట్టు బరువుగా ఉంటుంది. గాలిమరకు బ్రేకు అదే. పెనుగాలి వచ్చాక కాదు, రాకముందే వేయాలి.