పింగళి వారి గింబళి

అందరికీ నమస్కారం.

'మాయాబజార్' మాటల్లో అలంకారాల గురించి మాట్లాడమన్నారు. సరేనన్నాను. ఇంటికెళ్ళి సినిమా మళ్ళీ పెట్టుకుని, ఉపమలు ఒకవైపు, రూపకాలు ఒకవైపు రాసుకుందామని కాగితం పట్టుకు కూర్చున్నాను. గంట గడిచింది. కాగితం మాత్రం నిండలేదు. బళ్ళో నేర్పినట్టు 'వలె'లు, 'పోలె'లు వెతుక్కుంటూ పోతే ఆ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు చేతికి చిక్కరు. ఆయన పద్ధతి వేరు. మనం నోటికొచ్చినట్టు అనేసి మర్చిపోయే మాట ఒకటి తీసుకుంటారు. దాన్ని వస్తువుగా మార్చి మన ముందు పెడతారు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. అందుకు గింబళి దగ్గర మొదలుపెడతాను.

తెలుగువాళ్ళకు ఒక అలవాటుంది. ఏ మాటన్నా దాని వెనకాలే దాని నీడను కూడా అంటాం. కాఫీ గీఫీ. పుస్తకం గిస్తకం. డబ్బు గిబ్బు. మొదటి అక్షరం తీసేసి అక్కడ 'గి' పెడితే చాలు, నీడ తయారు. అది దీర్ఘమైతే 'గీ'. దీనికి వ్యాకరణ పుస్తకం చూడక్కర్లేదు, మూడేళ్ళ పిల్లవాడు కూడా తప్పు లేకుండా చేస్తాడు. ఇంతకీ గిస్తకం అంటే ఏమిటి? ఏమీ కాదు. 'పుస్తకమూ, అలాంటివీ' అని చెప్పడానికి వాడతాం. కాస్త విసుగ్గా ఉంటే కొట్టిపారెయ్యడానికీ వాడతాం. 'పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు' అన్నప్పుడు ఆ గిళ్ళీ ఎక్కడా లేదని అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు.

పింగళి గారు ఆ లేనిదాన్ని పట్టుకున్నారు. ఘటోత్కచుడి పరివారం కౌరవులకు మాయా విడిది కట్టింది. అందులో కంబళి ఉంది, గింబళి ఉంది. తల్పం ఉంది, గిల్పం ఉంది. కంబళి, తల్పం అతిథులకు సుఖంగా ఉండే వస్తువులు. గింబళీ గిల్పమూ ఊరుకోవు, కూర్చున్నవాళ్ళను, పడుకున్నవాళ్ళను తిప్పలు పెడతాయి. వంగర వెంకట సుబ్బయ్య గారు, అల్లు రామలింగయ్య గారు శాస్త్రీ శర్మా వేషాల్లో పడే పాట్లు చూసి నవ్వనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. నేను చిన్నప్పుడు ఆ పాట్లకే నవ్వాను. ఇప్పుడు నవ్వేది మాటకు. వేల ఏళ్ళుగా గాల్లో తిరుగుతున్న ఒక అర్థం లేని శబ్దం, మొదటిసారి ఒళ్ళు తెచ్చుకుని వచ్చి, తనను లెక్కచెయ్యని మనుషుల్ని పల్టీలు కొట్టించింది. వేల ఏళ్ళు అన్నది నా అతిశయోక్తి, పట్టించుకోకండి. ఒళ్ళు తెచ్చుకున్న మాట మాత్రం నిజం. దీన్ని ఏ అలంకారం కింద వెయ్యాలో నాకు తెలిసిన లక్షణ గ్రంథాల్లో గది లేదు.

ఈ చూపుతో మళ్ళీ సినిమా చూడండి. సత్యపీఠం ఉంది కదా. దాని మీద నిలబడినవాడు నిజమే చెబుతాడు. మనం రోజూ 'మాట మీద నిలబడు' అంటాం. నిలబడడానికి మాట ఏమన్నా పీటా? పింగళి గారు పీట చేశారు. చేసి, దాని మీదికి ఎవరినో కాదు, సి.ఎస్.ఆర్. గారి శకునిని ఎక్కించారు. ప్రియదర్శిని కూడా అంతే. 'కళ్ళ ముందు మెదులుతున్నాడు' అంటాం కదా ఇష్టమైనవాళ్ళ గురించి. ఆ పెట్టె తెరిస్తే నిజంగానే మెదులుతారు. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతికి నగలు కనిపిస్తాయి. దీన్ని ల్యాప్‌టాప్ అనీ వీడియో కాల్ అనీ ఇప్పుడు చాలామంది మురిసిపోతుంటారు. నాకు ఆ పోలిక అంత నచ్చదు. ల్యాప్‌టాప్ మనం అడిగింది చూపిస్తుంది. ఇది అడగనిది, పైకి చెప్పుకోలేనిది చూపిస్తుంది. కృష్ణుడు చూస్తే అందులో శకుని నవ్వుతూ కనిపిస్తాడు. ప్రియమైనవాళ్ళు కనిపించాల్సిన పెట్టెలో శకుని! భారతం మొత్తం ఆ ఒక్క బొమ్మలో ఉంది. ఎవరూ విడమర్చి చెప్పరు. పైకి చెప్పకుండానే స్ఫురింపజెయ్యడాన్ని అలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు, అది పాఠంగా చెప్పాల్సి వస్తే నేను శ్లోకం జోలికి పోను, ఈ పెట్టె తెరిచి చూపిస్తాను.

గోంగూర సంగతి మీరంతా ఎదురుచూస్తున్నారని తెలుసు. హస్తినాపురం నుంచి వచ్చిన పెళ్ళి పెద్దలకు ఆంధ్ర శాకం కావాలి. దానికి శాకంబరీ దేవి ప్రసాదం అని బిరుదు. పెరట్లో ఆకును సంస్కృతంతో సింహాసనం ఎక్కించడం హాస్యానికి పాత పద్ధతే, కొత్తేమీ కాదు. నాకు ఇందులో నచ్చింది ధైర్యం. ద్వాపర యుగంలో గోంగూర ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని ఆయన కాస్తయినా భయపడలేదు. అసలు సినిమా పేరే చూడండి. 'బజారు' పార్శీ మాట. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసుడి భారతంలోనే లేదు. ఇదే సినిమాలో ఇంకో మాట వినిపిస్తుంది: 'రసపట్టులో తర్కం కూడదు'. మనలాంటి వాళ్ళు రేపు వచ్చి ప్రశ్నలేస్తారని ముందే రాసి పెట్టుకున్న జవాబులా ఉంటుంది నాకు.

ఇక పాఠశాల. రమణారెడ్డి గారి చిన్నమయ రాక్షస శిష్యులకు పాఠం చెబుతుంటాడు. వాళ్ళ నోటికి సంయుక్తాక్షరాలు పలకవు. దుష్ట చతుష్టయం కాస్తా 'దుషట చతుషటయం' అవుతుంది. అస్మదీయులు 'అసమదీయులు' అవుతారు. ఇంతవరకు ఉచ్చారణ హాస్యం, ఎవరైనా రాయగలరు. అసమదీయులంటే మనవాళ్ళు, మరి పగవాళ్ళు? 'తసమదీయులు'! ఇక్కడుంది పింగళి. సంస్కృతంలో 'త్వదీయ' ఉంది, 'తదీయ' ఉంది, 'యుష్మదీయ' ఉంది. 'తస్మదీయ' లేదు. ఒక మాట తెలిసినవాడు దాన్ని అచ్చుగా పెట్టుకుని రెండోదాన్ని పోత పోశాడు. పిల్లలు భాష నేర్చుకునేది ఇలాగే, భాష పెరిగేదీ ఇలాగే. పండితుడు అభ్యంతరం చెప్పే చోట ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు తీర్పు చెబుతాడు: 'ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి?' ఆ వెంటనే వీరతాడు. వీరగంధం మనకుంది, వీరతిలకం ఉంది. వీరతాడు మాత్రం పింగళి గారి చేతి పనే అనిపిస్తుంది. మెడల్ అన్న మాటకు మనం ఇప్పటికీ 'పతకం' అని బరువుగా అంటున్నాం. స్నేహితుణ్ణి మెచ్చుకోవాలంటే మాత్రం 'వెయ్యండి రెండు వీరతాళ్ళు' అంటాం.

1957 మార్చి 27న సినిమా విడుదలైంది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, విజయా వారి నిర్మాణం, ఇవన్నీ మీకు తెలిసినవే. అప్పటి నుంచి ఆ తసమదీయులు తెరమీద ఉండిపోలేదు. రాజకీయ వార్తల్లోకి వచ్చేశారు. పదవులు అస్మదీయులకు, కేసులు తస్మదీయులకు అని పేపర్లో చదువుతూనే ఉంటాం. గమనించారా? రాక్షసుల నోట్లో అది 'తసమదీయులు'. పేపర్లో 'తస్మదీయులు'. ఎవరో పండితుడు, పాపం, తప్పు దొర్లిందనుకుని మకారం వత్తు దిద్దాడు. సంస్కృతంలో ఎన్నడూ లేని మాటకు.