రోయింగ్ మెషిన్ ఎక్కితే అరచేతులు బొబ్బలెక్కుతున్నాయా?

[దృశ్యం: బరంపురంలో ఒక చిన్న జిమ్. మూలన రోయింగ్ మెషిన్, అంటే పడవలో తెడ్డు వేసినట్టు ముందుకూ వెనక్కీ జరుగుతూ పిడి లాగే యంత్రం. కెమెరా ముందుకు రెండు అరచేతులు.]

ఈ చేతులు నావే. కుడిచేతి ఉంగరం వేలి మొదట్లో గట్టిపడిన చోటు కనిపిస్తోందా? మెషిన్ ఎక్కిన మొదటి వారం అక్కడే బొబ్బ లేచి చిట్లింది. ఆ మధ్యాహ్నం నిమ్మకాయ పిండిన పఖాళలో, అదే నీళ్లలో నానిన చద్దన్నంలో, చెయ్యి పెట్టాను. ఇక చెప్పేదేముంది, మూడు రోజులు చెంచాతో తిన్నాను.

చేతులు మెత్తగా ఉన్నాయి కాబట్టి ఇలా అయిందనుకున్నాను. వెంటనే గ్లవ్స్ కొన్నాను. అది దండగ ఖర్చు. మందపాటి గ్లవ్స్ లోపల ముడతలు పడి, ఆ ముడతలే చర్మాన్ని ఒరుసుకున్నాయి. అసలు తప్పు నా పట్టులో ఉంది.

[దృశ్యం: పిడిని పిడికిలి బిగించి పట్టుకున్న చెయ్యి, దగ్గరగా.]

పిడిని ఇలా బిగిస్తే పైచర్మం దానికి అతుక్కుంటుంది. లాగిన ప్రతిసారీ లోపలి ఎముక కదులుతుంది, పైచర్మం కదలదు. మధ్యలో ఉన్న పొరలు సాగి సాగి విడిపోతాయి. ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అదే బొబ్బ. నిమిషానికి 24 సార్లు చొప్పున 20 నిమిషాలు లాగితే 480 సార్లు. పైగా మనది సముద్రం పక్క ఊరు, ఫ్యాను కింద కూర్చున్నా చెమటే. తడిసిన చర్మం ఇంకా తొందరగా ఒరుసుకుపోతుంది. అందుకే పక్కన తువ్వాలు ఉంచుకోండి. మీ చేతులతో పాటు పిడిని కూడా తుడవండి, మీకన్నా ముందు ఎక్కినవాళ్ల చెమట దానిమీదే ఉంటుంది.

[దృశ్యం: నీళ్ల బకెట్ మోస్తున్న చెయ్యి. తర్వాత అదే చెయ్యి పిడి మీద.]

నిండు బకెట్ ఎలా మోస్తారు? అరచేతితో నలిపేయరు కదా, నాలుగు వేళ్లూ కొక్కెంలా వంచి తగిలిస్తారు. ఇక్కడా అంతే. పిడి అరచేతి మధ్యలోకి రాకూడదు, వేళ్లలోనే ఉండాలి. బొటనవేలు కింద ఊరికే ఆనించండి. మణికట్టు పైకి గానీ కిందికి గానీ వంగకుండా, మోచేతితో ఒకే గీతలో ఉండాలి. మణికట్టు వంచి లాగేవాళ్లకి బొబ్బలు రాకపోయినా ముంజేతులు పట్టేస్తాయి.

బలం కాళ్లది. ముందు కాళ్లతో తోయాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివర్లో చేతులు. మొదటి నుంచీ చేతులతోనే గుంజితే వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి.

[దృశ్యం: ముందుకు జరుగుతూ పిడి మీద వేళ్లు ఆడిస్తున్న చెయ్యి.]

ముందుకు వెళ్లేటప్పుడు ఇలా వేళ్లు ఆడించి చూడండి. ఆడకపోతే పట్టు ఎక్కువైనట్టు. అలాగని పూర్తిగా వదిలేయకండి, గొలుసు పిడిని విసురుగా వెనక్కి లాక్కుపోతుంది.

గాలి చక్రం ఉన్న మెషిన్లలో పక్కన 1 నుంచి 10 దాకా అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ లాగడం బరువెక్కుతుంది. నేను మొదటి రోజే 10 పెట్టాను. మగతనం చూపించుకోవడానికి, ఇంకేముంది! 3 నుంచి 5 మధ్య చాలు. ఉంగరాలు తీసేయండి. జాతకం కోసం పెట్టుకున్న రాయి అయినా సరే, ఆ పావుగంట జేబులో ఉంటే గ్రహాలేమీ అనుకోవు.

[దృశ్యం: బరంపురం దగ్గరి గోపాలపూర్ సముద్రపు ఒడ్డు. ఇసుకలో పడవ, పక్కన తెడ్డు.]

ఇక్కడి మన తెలుగు జాలరుల చేతులు కాయలు కాసి ఉంటాయి. ఏళ్ల తరబడి తెడ్డు, తాడు, వల పట్టిన చేతులవి. మనం వారంలో అలా కావాలంటే కుదరదు. మొదట 10 నిమిషాలు చాలు. ఎక్కడైనా చర్మం ఎర్రబడి వేడిగా మండుతుంటే అక్కడితో దిగిపోండి. కాయ మరీ ఎత్తుగా లేస్తే స్నానం తర్వాత కాళ్లు రుద్దుకునే రాయితో కొంచెం అరగదీయండి, బ్లేడు పెట్టకండి. కొబ్బరినూనె రాత్రిపూట రాసుకోండి, మెషిన్ ఎక్కే ముందు వద్దు.

[దృశ్యం: సబ్బుతో చేతులు కడగడం, బ్యాండేజీ అంటించడం.]

బొబ్బ వచ్చేసిందా? సూదితో పొడవకండి, పైతోలే దానికి కాపలా. తనంతట తానే చిట్లితే సబ్బు నీళ్లతో కడిగి, తోలు పీకకుండా శుభ్రమైన బ్యాండేజీ వేయండి. టూత్‌పేస్టు లాంటివి పూయొద్దు. చీము పట్టినా, ఎర్రదనం పాకుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు అంతదాకా ఆగొద్దు. మిగతావాళ్లు కొత్త చర్మం వచ్చేదాకా సైకిల్ తొక్కుకోండి. పఖాళ మాత్రం చెంచాతోనే.