టిష్యూ ప్యాకెట్టుతో సీటు పట్టిన మా అత్త, సింగపూర్‌లో ఆడోళ్ల ట్రిప్

నమస్తే అండీ అందరికీ, ఎట్లున్నారు? వీడియో పెట్టి నెల దాటిపోయింది, నాకు తెలుసు. తిరుపతి నుంచి మా పెద్దమ్మ రోజూ ఫోన్ చేసి "ఏమ్మే, మీ అమ్మోళ్లు ఆడికొచ్చి ఏమేం తిన్యారో మాకు చూపీవా" అని ఒకటే పోరు, అందుకే ఈరోజు ఎట్లయినా ఎడిట్ చెయ్యాలని కూర్చున్నా. డబ్బులు బాగా వస్తాయా అక్కా అని అడుగుతుంటారు కదా, పోయిన వీడియోకి వచ్చిన దాంతో ఇక్కడ రెండు కాఫీలు తాగొచ్చు, మూడోది నా జీతంలోనుంచి.

సరే, ఈ ట్రిప్‌లో మగోళ్లు లేరు. అమ్మ, పిన్నమ్మ, పిన్నమ్మ కూతురు, చిత్తూరు పక్కన పల్లె నుంచి మా మేనత్త. నాయన చెన్నై ఎయిర్‌పోర్టు దాకా వచ్చి దించేసి పోయినాడంతే. ముందే రమ్మన్నా, టికెట్లు కూడా తక్కువలో ఉన్నాయి, కానీ బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ చూడకుండా అత్త అడుగు కదపనని కూర్చుంది. అదయినాక బయల్దేరితే ఏమైంది, పెరటాసి నెల, అంటే అరవ లెక్కలో వెంకన్నకి ఇష్టమైన నెల, దాని నడిమధ్యలో దిగినారు. అత్త ఆ నెలంతా నీసు ముట్టదు, అమ్మ, పిన్నమ్మ శనివారాలు మాత్రం ముట్టరు, మా చెల్లికి ఏ వారమూ లేదు. తిండి కోసమే రమ్మని పిలిచి ఎవరేం తింటారో ఫోన్‌లో రాసుకోవాల్సి వచ్చింది నాకు.

ఇదిగో ఇక్కడ చూడండి, బ్యాగులు తెరిస్తే బట్టలు కనిపించవు. రెండు డబ్బాల నిప్పట్లు, ఊరిబిండి, వేయించిన చెనిక్కాయలు, అరకిలో చింతపండు. ఇక్కడ చింతపండు దొరుకుతుంది అత్తా అంటే "దొరుకుతుంది లేమ్మే, అది చింతపండు గాదు" అనింది. చూడకుండానే ఎట్ల తెలుసో.

మొదటి రోజు మధ్యాహ్నం చైనాటౌన్ పక్కన మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కి పోయినాం. హాకర్ సెంటర్ అంటే ఏంటో తెలియని వాళ్లకి చెప్తా. ఒకప్పుడు ఇక్కడ కూడా రోడ్ల మీదే బండ్లు ఉండేవంట, 1970ల్లో గవర్నమెంట్ వాళ్లందరినీ తీసుకుపోయి నీళ్లు, కరెంటు ఉన్న షెడ్లు కట్టి లోపల పెట్టింది. మన తిరుపతి గాంధీ రోడ్డు సందుల్లో బండ్లన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చి, మధ్యలో బల్లలు వేస్తే ఎట్లుంటాదో అట్లా. ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో తన లిస్టులో కూడా చేర్చింది. ఇది చెప్తే పిన్నమ్మ "బండి మీద దోశకి కూడా ఇస్తారా మరి" అని అడిగింది. ఇవ్వాల్సిందే, నన్నడిగితే.

పన్నెండున్నర టైము, ఆఫీసులన్నీ ఒకేసారి వదిలినారు, నిలబడేదానికి చోటు లేదు. నేను సీట్ల కోసం చూస్తా ఉంటే అత్త పోయి ఒక ఖాళీ బల్ల దగ్గర దర్జాగా కూర్చొని చెయ్యి ఊపుతాంది. సంతోషపడి పోయినా. కూర్చొని రెండు నిమిషాలు కాలేదు, ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు ట్రేలు పట్టుకొని వచ్చి నిలబడి బల్లని, మమ్మల్ని మార్చి మార్చి చూస్తా ఉన్నారు. నాకు అనుమానమొచ్చి "అత్తా, ఈడ ఏమన్నా ఉన్నిందా" అంటే "ఎవురో పాపం కాగితాల ప్యాకెట్టు మర్చిపోయినారు, పాడైపోతాదని బ్యాగులో ఏసుకున్యా" అని తీసి చూపించింది.

అంతే అండీ, నా పరువు పాయె. విషయం ఏందంటే ఇక్కడ ముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి తర్వాత పోయి క్యూలో నిలబడతారు. దాన్ని చోప్ అంటారు. ప్యాకెట్టు ఉందంటే ఆ సీటు ఒకరిది, ఎవరూ ముట్టరు. గొడుగులు పెడతారు, ఆఫీసు ఐడీ కార్డులు పెడతారు, కొందరు ఏకంగా ఫోన్లే పెట్టి పోతారు. నేను సారీ సారీ అంటూ అందరినీ లేపినా, ఆ అమ్మాయిలు నవ్వేసినారు, దేవతలు.

అత్తకి మాత్రం సిగ్గు లేదు, ఆశ్చర్యం లేదు. "ఓస్, ఇదా! మన బస్టాండులో టవల్ ఏసినట్టు" అనింది. నేను ఆరేళ్ల నుంచి ఇక్కడుంటా ఉన్నా, నాకు ఎప్పుడూ తట్టలేదు చూడండి. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోనుంచి టవలో, సంచో, ఒక్కోసారి చంటిబిడ్డనో సీట్లోకి దించేది, అదే కదా ఇది. "అయినా ఆడ టవల్ తీసి పక్కనేసి కూర్చునే మొనగాడు ఒకడుంటాడు. ఇంత కాగితం ముక్కకి ఈళ్లు భయపడతారా?" అని చుట్టూ చూసింది.

ఆ ప్యాకెట్లు ఒక పెద్దాయన వీల్‌చెయిర్‌లో కూర్చొని అమ్ముతా ఉన్నాడు, డాలర్‌కి మూడు. డాలర్ అంటే 70 రూపాయలు అనుకోండి లెక్కకి. అత్త ఆరు కొనింది. ఇంక ఎక్కడికి పోయినా ముందు అత్తే పరిగెత్తేది, ఐదు సీట్లకి ఐదు ప్యాకెట్లు వరసగా పరిచేది, ఆరోది చేతిలో. నేను మామూలుగా మధ్యాహ్నం ఒకే ప్యాకెట్టు పెడతా, పెద్ద బల్లలో ఒక మూల, ఎదురుగా ఎవరో తెలియని వాళ్లు ఫోన్ చూసుకుంటా తింటారు, నేనూ చూసుకుంటా తింటా. ఐదు ప్యాకెట్ల బల్ల నాది అని కూర్చోవడం అదే మొదలు. సరే, తిండికి వద్దాం.

చికెన్ రైస్, ప్లేటు 5 డాలర్లు, 350 రూపాయలు. కోడిని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే ఆ కొవ్వుతోనే అల్లం వేసి అన్నం వండుతారు. చూసేదానికి తెల్లగా పత్యం కూడు మాదిరి ఉంటాది. అమ్మ రెండు ముద్దలు తిని "అన్నం బాగుంది, కోడికి జ్వరమొచ్చిందా" అనింది. పిన్నమ్మ మాట్లాడకుండా బ్యాగులోనుంచి డబ్బా తీసి, మూత తిప్పి, రెండు స్పూన్ల ఊరిబిండి అంచున పెట్టుకొని, వాళ్ల చిల్లీ సాస్ ఒక చుక్క, మన ఊరిబిండి ఒక చిటికె, కోడి ముక్క మీద అద్దుకొని నోట్లో పెట్టుకుంది. తర్వాత డబ్బా అందరి చేతులూ తిరిగింది. నిజం చెప్తున్నా, అద్భుతం.

అత్తని వెజిటేరియన్ అంగడికి తీసుకుపోయినా. బౌద్ధుల పద్ధతి, ఎర్రగడ్డలు తెల్లగడ్డలు కూడా వెయ్యరు, అత్తకి అది చెప్పగానే ముఖం వెలిగిపోయింది. ప్లేటు వచ్చినాక చూస్తే సన్న సేమియా మీద బాతు మాంసం మాదిరి ముక్కలు, తోలు గీతలతో సహా. గోధుమ బంకతో, సోయాతో అట్లా చేస్తారు. "ఏమ్మే, పెరటాసిలో నాతో బాతు తినిపిస్తాండావా?" అని ప్లేటు తోసేసింది. నేను తిని చూపించినా, చెల్లి తిని చూపించింది, చివరికి అంగడామె బయటికొచ్చి రెండు చేతులూ జోడించి దండం పెట్టి చూపిస్తే అప్పుడు నమ్మి సేమియా తినింది. ముక్కలు మాత్రం నాకే పెట్టేసింది, "చూస్తా ఉంటేనే కడుపులో తిప్పుతాంది" అని.

తిన్నాక ట్రే మనమే తీసుకుపోయి ర్యాకులో పెట్టాల. 2021 సెప్టెంబర్ నుంచి ఇది గట్టి రూలు, మొదటిసారి వదిలేసి పోతే హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల ఫైను. అంటే 21 వేలు! అత్త ఆగిపోయింది. "ఎంగిలి ప్లేటు ఎత్తకపోతే 21 వేలా? మీ మామకి ఈ రూలు పెట్టింటే ఈపాటికి తోటంతా అమ్మేసేవాళ్లం" అనింది. అమ్మ ఎంత నవ్విందంటే కళ్లు తుడుచుకునేదానికి అత్త ఆరో ప్యాకెట్టు తెరవాల్సి వచ్చింది.

కానీ అత్త తిరుమలలో శ్రీవారి సేవ చేసిన మనిషి, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదం దగ్గర పంక్తుల మధ్య సాంబారు బకెట్టుతో నడిచిన మనిషి, ఊరికే ఉంటుందా? పక్క బల్ల మీద ఎవరో వదిలిన ట్రేలు కూడా ఎత్తుకొని పోయి పెట్టేసింది. ఇక్కడ హలాల్ ట్రేలకి ఒక ర్యాకు, మిగతా వాటికి వేరే ర్యాకు. అత్త రెండూ కలిపేసింది. ఊడ్చే పెద్దావిడ, డెబ్బై ఏళ్లుంటాయేమో, పరిగెత్తుకొచ్చి చైనీస్‌లో పెద్ద క్లాసు పీకింది. అత్త తలొంచుకొని విని, బయటికొచ్చినాక "ఏం తిట్టిందో ఏమో గానీ న్యాయంగానే తిట్టింది" అనింది.

సాయంత్రం డెజర్ట్ అంగడి. మామిడి గుజ్జులో సగ్గుబియ్యం, పంపర పనస తొనలు, ఐసు. గిన్నె 6 డాలర్లు. చెల్లి నోరు జారి "420 రూపాయలు అత్తమ్మా" అని చెప్పేసింది. అత్తోళ్లది మామిడి తోట, అంతా బెంగళూరా కాయ, అంటే తోతాపురి, మన జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకి పోయేది అదే కదా. 2025లో రేటు పడిపోయి ఎంత గోల జరిగిందో మీకు తెలుసు, కిలోకి 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, గవర్నమెంట్ 4 అని చెప్పినారు. అత్త వేళ్ల మీద లెక్కేసింది. "35 కిలోలు" అనింది. "ఈ గిన్నె 35 కిలోల కాయలు."

ఎవరూ మాట్లాడలేదు. అత్తే మళ్లీ మొదలుపెట్టింది, మామ ఫ్యాక్టరీ గేటు ముందర రెండు రాత్రులు ట్రాక్టరు కిందే పడుకున్నాడంట, కాయలు పైన మెత్తబడిపోతా ఉంటే వాసన కిందికి దిగేదంట, వాళ్ల కాయలు తీసుకున్న వాడు ఆ 8 రూపాయలు ఇంకా ఇయ్యనే లేదంట. చెప్తానే స్పూనుతో ఒక్కొక్క సగ్గుబియ్యం గింజా ఏరి తినింది. "ఇది బెంగళూరా గాదు, పీచు లేదు, పులుపు లేదు, ఏం కాయో" అనింది. స్పూను పక్కన పెట్టి, గిన్నె ఎత్తి, అడుగున ఉన్నదంతా తాగేసింది. నేను ఇంకోటి చెప్పనా అంటే "70 కిలోలు అయితాది, వొద్దు."

కాఫీ గురించి అమ్మ అభిప్రాయం రికార్డు చేసినా గానీ పెట్టడం లేదు, ఇక్కడి కోపి వాళ్లు బాధపడతారు. మన ఫిల్టర్ కాఫీ తాగే మనిషికి డబ్బా పాల కాఫీ ఇస్తే ఏమంటుందో మీరే ఊహించుకోండి.

శనివారం సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి పోయినాం. 1855 నాటి గుడి, పెరటాసి శనివారం కాబట్టి జనం రోడ్డు దాకా. తిరుపతోళ్లు సింగపూర్ వచ్చి వెంకన్న క్యూలో నిలబడినాం చూడండి! అత్త మొదట అడిగింది "టోకెన్లు యాడిస్తారు?" అని. టోకెన్ లేదు, గంట కూడా పట్టలేదు. దర్శనమయ్యి అన్నదానంలో కూర్చున్నాక కూడా అత్తకి నమ్మకం కుదర్లేదు, "ఇంత బిరీన చూపించినాడంటే మళ్లీ కొండకి పోవాల్సిందే" అని అక్కడే మొక్కుకుంది.

ఆదివారం రాత్రి చాంగీలో దించేసి వచ్చినా. సోమవారం మధ్యాహ్నం ఆఫీసు కింద ఫుడ్ సెంటర్‌కి పోయి ప్యాకెట్టు కోసం బ్యాగులో చెయ్యి పెడితే మూడు నిప్పట్లు చేతికొచ్చినాయి, టిష్యూలో చుట్టి. ఎప్పుడు పెట్టిందో.

నిన్న అత్త ఫోన్ చేసింది, అది చెప్పి ముగించేస్తా. చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సుకి జనం ఎక్కువ ఉన్నారంట, ఈమె మిగిలిన ప్యాకెట్టు కిటికీలోనుంచి సీట్లో పెట్టి, తాపీగా చుట్టూ తిరిగి వాకిలి దగ్గరికి పోయి ఎక్కిందంట. లోపలికి పోయి చూస్తే ఎవరో పెద్దాయన ఆ సీట్లోనే కూర్చొని, ప్యాకెట్టు చింపి, శుభ్రంగా మొహం తుడుచుకుంటా ఉన్నాడంట.

"నాకూ ఒకటిచ్చినాడు లేమ్మే" అనింది. "తిరుపతి దాకా నిలబడే పోయినా."