ఎనుమాముల తక్‌పట్టీ, 1972 నాటి ఆరు పేజీలు: రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో నేను సమీక్షిస్తున్నది కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972 డిసెంబరులో ప్రచురించిన 6 పేజీల పరిశోధన పత్రాన్ని. కంప్యూటర్ ప్రోగ్రామును ఏ ప్రాతిపదికన మాడ్యూళ్లుగా, అంటే విడివిడి భాగాలుగా, విడగొట్టాలన్నదే అందులోని విషయం. హనుమకొండలో కూర్చుని ఇన్నేళ్ల తర్వాత దానిని చదవడానికి కారణం, ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి 2015లో నేను రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాము.

మిర్చి బస్తాలకు కాంటా అయ్యాక ధర, తూకం, కమీషన్, హమాలీ ఖర్చు లెక్కగట్టి రైతు చేతికి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ఇవ్వడమే దాని పని. ఎంట్రీకి ఒక ఫైలు, లెక్కకు ఒకటి, ప్రింటుకు ఒకటి, రిపోర్టుకు ఒకటి, ఇలా పని జరిగే వరుసలోనే విడగొట్టాను. జిల్లా పేరును మాత్రం అవసరమైన ప్రతిచోటా నేరుగా రాసేశాను. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ ముక్కలైంది, 2019లో ములుగు వేరుపడింది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగానూ వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గానూ మారాయి. మూడుసార్లూ ఫైళ్లన్నీ తెరిచాను. మూడోసారి, 2016కు ముందు వరంగల్ అని నమోదైన ఉమ్మడి జిల్లా రైతులందరూ కొత్త వరంగల్ జిల్లా లెక్కలో కలిసిపోయారు. అక్షరాలు అవే, అర్థం వేరు. గుమాస్తా పాత పట్టీలు ముందేసుకుని రెండు రోజులు చేత్తో విడదీశాడు.

పార్నాస్ ఉదాహరణ ఇంకా చిన్నది. ఇచ్చిన ప్రతి వాక్యంలో మొదటి పదాన్ని చివరికి జరుపుతూ, వచ్చిన రూపాలన్నింటినీ అక్షర క్రమంలో చూపాలి. ‘కాకతీయ కళా తోరణం’ ఇస్తే ‘కళా తోరణం కాకతీయ’ ముందు వస్తుంది, ‘తోరణం కాకతీయ కళా’ చివర వస్తుంది. దీనినే ఆయన రెండు విధాలుగా కట్టి చూపారు. మొదటిది నాలాగే పని వరుసను బట్టి; అందులో వాక్యాలను మెమరీలో దాచే పద్ధతి మారితే ప్రతి మాడ్యూలునూ ముట్టుకోవాలి. రెండోదానిలో మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయం ఒక్కో మాడ్యూలు లోపల దాగి ఉంటుంది కాబట్టి, అదే మార్పు వాక్యాలను నిల్వచేసే మాడ్యూలు గడప దాటదు. చదివేవారికి కూడా ఇదే తేలిక, ఎందుకంటే ఒక భాగాన్ని అర్థం చేసుకోవడానికి మిగతా వాటి లోపలి సంగతులు గుర్తుపెట్టుకోనవసరం లేదు.

ఇలా కడితే ప్రొసీజర్ పిలుపులు, అంటే ఒక మాడ్యూలు ఇంకోదానిని పని అడగడం, పెరిగి వేగం తగ్గవచ్చని ఆయనే ఒప్పుకున్నారు. రాసిన ప్రోగ్రామును యంత్ర భాషలోకి మార్చే నేటి కంపైలర్లు ఆ భారాన్ని చాలావరకు తీసేస్తాయి. నా ఫిర్యాదు వేరే ఉంది: ఏది మారుతుందో ముందుగా పసిగట్టడం ఎలాగో ఈ పత్రం సరిగా చెప్పదు. అన్నీ మారతాయని భయపడి అన్నింటికీ పొరలు కడితే, నాకు తెలిసినంతలో, ఆ ప్రోగ్రాము నా పాతదానికంటే అర్థంకాకుండా తయారవుతుంది.

జిల్లాల వ్యవహారాన్ని ఇప్పుడు ఒక్క ఫైలులోకి చేర్చాను. పేరు బదులు కోడ్, ఆ కోడ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్న వివరం, అంతే. బండి నంబర్ల తనిఖీ కూడా అలాంటిదేనని మాత్రం నాకు తట్టలేదు. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు అది నాలుగు చోట్ల దొరికింది. మూడు సరిచేశాను, నాలుగోది గేట్‌పాస్ ప్రింటులో ఉంది, సీజన్ ముగిసేదాకా ముట్టుకోవద్దని సేటు అన్నారు.