మా ఊళ్లకు ఎమర్జెన్సీ కిట్ అవసరమా? తొమ్మిది నెలలు వాడాక చెప్తున్నా

నమస్తే అన్నలూ, అక్కలూ. ఈ మంచం మీద రెండు కుప్పలు కనిపిస్తున్నాయి కదా. ఎడమ పక్కది నేను ఆన్‌లైన్‌లో రెండు వేల నాలుగు వందలు పెట్టి తెప్పించిన ఎమర్జెన్సీ కిట్. కుడి పక్కది అమ్మా నేనూ కలిసి, ఇంట్లో ఉన్నవి కొన్ని, కామారెడ్డి బజార్లో కొన్నవి కొన్ని, సర్దుకున్నది. తొమ్మిది నెలలుగా రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఏది పనికొచ్చింది, ఏది దండగ, ఇవాళ అంతా విప్పి చూపిస్తా.

మాది కామారెడ్డి జిల్లాలో ఒక చిన్న ఊరు. సముద్రం చాలా దూరం, తుఫాను ఇక్కడికి వచ్చేసరికి ముసురుగా మారిపోతుంది. భూకంపాల లెక్కలో ఇన్నాళ్లూ మా వైపు జోన్ 2 అనే చదువుకున్నాం, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్నది. "మనకొచ్చేది కరువేరా, వరద కాదు" అని బాపు ఎప్పుడూ అనేవాడు. మా చిన్నప్పుడు చెరువు మత్తడి దుంకితే ఊరంతా చూడ్డానికి పోయేది, కొబ్బరికాయ కొట్టేవాళ్లు. నీళ్లొస్తే మాకు పండగ.

అలాంటి జిల్లాలో 2025 ఆగస్టు 27న, సరిగ్గా వినాయక చవితి రోజు, ఏం జరిగిందో మీరంతా టీవీలో చూశారు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. ఏడాది మొత్తం పడేదే 100 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది, ఇక ఆలోచించండి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, 44వ నంబరు హైవే దెబ్బతింది, టౌన్‌లో జీఆర్ కాలనీ మునిగింది, వందేళ్ల కిందట కట్టిన పోచారం ప్రాజెక్టు మీంచి నీళ్లు పొర్లుతుంటే కింది ఊళ్లవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు.

మా ఊరు మునగలేదు. ఇక్కడే మీరు కొంచెం జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే మునగని ఊళ్ల సంగతి ఎవరూ చెప్పరు. మూడు రోజులు కరెంటు లేదు. రెండో రోజు సెల్ టవర్ కూడా పోయింది. కరెంటు లేకపోతే ట్యాంకు నిండదు, నల్లా రాదు, బోరు మోటర్ నడవదు. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం బిందెడు లేవు. ఊళ్లో చేత్తో కొట్టే బోరింగులు నాలుగు ఉండేవి, నల్లాలు వచ్చాక ఎవరూ పట్టించుకోలేదు, మూడు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క బోరింగు దగ్గర తెల్లారుజాము నుంచే ఊరంతా లైన్. అదే సమయానికి నానమ్మ షుగర్ మాత్రలు అయిపోయాయి. మెడికల్ షాపుకు పోవాలంటే వాగు దాటాలి, వాగు మీద లో లెవెల్ వంతెన నీళ్ల కింద ఉంది.

ఆ టెన్షన్‌లోంచే, నెట్ రాగానే ఈ కిట్ ఆర్డర్ పెట్టాను. విప్పితే ఏముంది? దిక్సూచి, మెరిసే కాగితం లాంటి దుప్పటి, నిప్పు రాజేసే కడ్డీ, మడత కత్తి, చిన్న టార్చ్, కొన్ని ప్లాస్టర్లు, ఒక విజిల్. చలి దేశాల్లో కొండలెక్కేవాళ్లకు ఇవి పనికొస్తాయేమో కానీ, మా అవసరాల్లో ఒక్కటీ ఇది తీర్చలేదు. టార్చ్ నాలుగో నెలకే ఛార్జింగ్ పట్టడం మానేసింది. విజిల్ మాత్రం తీసి నానమ్మ మంచానికి కట్టాను, వాన చప్పుడులో ఆమె పిలుపు మాకు వినపడదు కాబట్టి. పదికి రెండు మార్కులు, అవీ విజిల్‌కే.

ఇప్పుడు ఇంటి కిట్. మొట్టమొదట నీళ్లు. 20 లీటర్ల క్యాన్లు మూడు, మూత గట్టిగా పడేవి. మనిషికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మేం ఐదుగురం మూడు రోజులు గడపొచ్చు. మబ్బు పట్టిందంటే అమ్మ ముందు వాటిని కడిగి నింపుతుంది, తర్వాతే మిగతా పని. క్లోరిన్ మాత్రలు ఉంటే ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారమే వెయ్యండి, లేకపోతే నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చండి. చవకైనది, తేలికైనది ఇదే, కానీ చాలామంది దీన్నే వదిలేస్తారు.

తలకు కట్టుకునే టార్చ్. రాత్రిపూట మోటర్ వెయ్యడానికి పొలం పోయే ప్రతి రైతు దగ్గరా ఉండేదే, కొత్తగా కొనక్కర్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, అడుగు ముందు ఏముందో కనిపిస్తుంది. వాన తగ్గాక పాములు పొడి చోటు వెతుక్కుంటూ కట్టెల కుప్పల్లోకి, ఇళ్లలోకి వస్తాయి, అందుకే ఇది మరీ అవసరం. ఒకవేళ కాటు పడితే గుడ్డతో బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, పసరు కోసం ఆగొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న సర్కారు దవాఖానకు వెంటనే తీసుకెళ్లండి.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్: పెట్టె మీద చూస్తే స్మార్ట్ ఫోన్ రెండుసార్లు ఛార్జ్ అవుతుందనిపిస్తుంది, మా చేతిలో ఒకసారి పూర్తిగా, రెండోసారి కొంచెమే ఎక్కింది. దానికన్నా బాపు పాత కీప్యాడ్ ఫోన్ నయం, ఒక్క ఛార్జింగ్‌తో నాలుగు రోజులు ఉంది. 108, 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, అవసరమైన చుట్టాల నంబర్లు అన్నీ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించాం, నానమ్మకు కూడా కనిపించేలా.

ఇప్పుడు యాప్‌లు. వరద మాకు ఎప్పుడో ఒకసారి వస్తుంది కానీ పిడుగు ప్రతి ఏడూ వస్తుంది. దేశం మొత్తం మీద 2022లో పిడుగులు పడి 2,887 మంది చనిపోయారు, ప్రకృతి వల్ల పోయిన ప్రాణాల్లో మూడో వంతు కన్నా ఎక్కువ. వీళ్లలో చాలామంది పొలం పనిలో ఉన్నవాళ్లే. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్పలుగా ఉంటాయి, సాయంత్రం మబ్బు కమ్మగానే అందరూ పరదాలు కప్పడానికి పరిగెత్తుతారు. ఖాళీ జాగా, తడిసిన మనుషులు, పైన ఉరుములు. ఆరు నెలలు కష్టపడి పండించిన పంట తడుస్తుంటే ఇంట్లో కూర్చోమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే నేను చెప్పేది ఒక్కటే: మబ్బు రాకముందే, మధ్యాహ్నమే కప్పేయండి.

అందుకు దామిని యాప్ బాగా ఉపయోగపడింది. పుణేలో వాతావరణం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఐఐటీఎం వాళ్లు చేసింది, డబ్బులేం కట్టక్కర్లేదు. మనమున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతున్నాయా అని చూపిస్తుంది. కాకపోతే నెట్ ఉండాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. అవి లేనప్పుడు లెక్కపెట్టుకోండి. మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము వినపడే దాకా ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపే వినపడితే స్లాబ్ ఇంట్లోకి వెళ్లిపోండి, చెట్టు కిందికి కాదు, చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట బయటికి రావొద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది దూరంగా నిలబడతారు. కొట్టదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి, 108 వచ్చేదాకా ఆపొద్దు.

వాన, వరద లాంటి వాటి గురించి ముందే హెచ్చరించే సచేత్ యాప్ కూడా వాడాను, ఎన్‌డీఎంఏ, అంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్లది. హెచ్చరిక చాలాసార్లు జిల్లా మొత్తానికి వస్తుంది, మన మండలంలో చినుకు కూడా పడదు, దాంతో జనం విసుగొచ్చి తీసేస్తారు. నేను ఉంచుకున్నాను.

కాగితాల సంచి: పట్టా పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకాలు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో, దూలానికి కొక్కెం వేసి. ఇవి సర్దుతుంటేనే ఒకటి బయటపడింది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా, ప్రమాదంలో మనిషి పోతే రెండు లక్షలు ఇచ్చేది, బాపు ఖాతాలో డబ్బుల్లేక ఆ 20 కట్ కాలేదు. మీ పాసుబుక్కు కూడా ఒకసారి చూసుకోండి.

మందులు: నానమ్మ మాత్రలు ఇప్పుడు ఎప్పుడూ పదిహేను రోజులవి అదనంగా ఉంటాయి. ఎందుకో చెప్తా. ఆ రెండో రోజు, వాన కొంచెం తెరిపిచ్చాక, నేను బండి తీశాను. వంతెన మీద నీళ్లు పిక్కల దాకానే ఉన్నట్టు కనిపించాయి, దాటేయొచ్చు అనుకున్నాను. పారే నీళ్లు జానెడు లోతున్నా మనిషిని పడేస్తాయని, ఇంకో జానెడు పెరిగితే చిన్న కారునే లాగేస్తాయని అప్పుడు నాకు తెలియదు. పక్కింటి పెద్దనాన్న బండి తాళం చెవి లాక్కుని జేబులో వేసుకున్నాడు. నేను కోపంతో అరిచాను కూడా. మర్నాడు పొద్దున నీళ్లు దిగాక వెళ్లి చూస్తే వంతెన మధ్యలో రోడ్డు లేదు. రెండు గజాల మేర కింద ఖాళీ, అవతల తెగిన తారు.

ఇదిగో, ఇప్పుడు ఆ వంతెన దగ్గరే నిలబడ్డాను. రోడ్డు మళ్లీ వేశారు. ఈ రాయి మీద ఎర్ర గీత చూడండి, మా ఊరి పిల్లలు వేసింది, రోడ్డు ఎత్తుకు సరిగ్గా కొలిచి. నీళ్లు గీతను తాకితే రెండు పక్కలా తాడు కట్టాలి, బండైనా ట్రాక్టరైనా ఆగాలి. తాడు పెద్దనాన్న ఇంట్లో ఉంటుంది. మీ ఊరి వాగు దగ్గర ఇలాంటి గుర్తు ఉంటే ఫోటో తీసి పెట్టండి, ఎలా వేశారో అందరం చూస్తాం. ఉంటాను మరి.