కడప మిద్దె మీద నుంచి: ఆడియాలజిస్ట్ కావాలంటే ఏం చదవాల?

హాయ్ అండీ, అందరూ బాగుండారా! ఈసారి వ్లాగ్ డాలస్ నుంచి కాదు, మా కడప నుంచి. ఆడియాలజిస్ట్ అంటే వినికిడి లోపాలు పరీక్షించేవాళ్లు, నా పని అదే. పొద్దున్నే కారం దోసె లాగించి మిద్దె మీదికొచ్చినా. అదిగో, దూరంగా కనపడేవి పాలకొండలు. కింద ఆ టీవీ మోత మా జేజిది. వీధి చివరోళ్లకు కూడా సీరియల్ కథంతా తెలుసు.

చెవి మిషన్ లేదా అంటే, ఉంది. "అది పనిచెయ్యదు పాపా" అని స్టీలు డబ్బాలో పడేసింది. కెమెరా దగ్గరికి తెస్తా, చూడండి. చెవిలోకి పోయే కొసన చుక్కంత తెల్ల జాలీ ఉంది కదా, అది వ్యాక్స్ గార్డ్, గులిమి లోపలికి పోకుండా ఆపేది. గులిమి పట్టి మూసుకుపోయింది. ఈ చిన్న పుల్లకు రెండు కొసలు. ఒకటి పాతదాన్ని పట్టి లాగేస్తుంది, రెండోది కొత్తదాన్ని లోపల కూర్చోబెడుతుంది. ఇప్పుడు బ్యాటరీ మూత వేసి గుప్పిట్లో పెడితే... కుయ్య్... విన్నారా? మిషన్ బాగానే ఉంది.

ఇదంతా చూసి మా అన్న కూతురు, ఇంటర్ బైపీసీ, "అత్తా, ఇంత పనికి డాక్టరేట్ చదివినావా?" అనింది.

ఈ పని ఎవురైనా చేస్తారు. పుట్టి రెండు రోజులైన బిడ్డకు వినపడుతుందో లేదో ఎట్ల చెప్తావు? ఆ బిడ్డ చెయ్యెత్తి చూపించదు గదా. నిద్రపోయేటప్పుడు తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో శబ్దం వదిలి, నరం నుంచి వచ్చే అలలు చదవాల. లోపం మధ్య చెవిలోనా, నరంలోనా తేల్చాల. తల తిరిగే పేషంట్లు, కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం, అది పెట్టినాక మనిషికి తగ్గట్టు దాన్ని సరిచేసే మ్యాపింగ్... చదువంతా వీటికే.

అమెరికాలో డిగ్రీ తర్వాత ఏయూడీ అనే క్లినికల్ డాక్టరేట్ చెయ్యాల, మామూలుగా 4 ఏళ్లు. ఒకప్పుడు మాస్టర్స్‌తో సరిపోయేది. 2012 నుంచి ఆషా సర్టిఫికెట్ కావాలంటే డాక్టరేట్ ఉండాల్సిందే. ఆషా అంటే అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్. దానికి ప్రాక్సిస్ పరీక్ష కూడా పాసవ్వాల. ప్రాక్టీసుకు మాత్రం ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్స్ తప్పనిసరి. ఇది ఎంబీబీఎస్ కాదు. మందులు రాయడం, ఆపరేషన్ చెయ్యడం ఈఎన్‌టీ వాళ్ల పని. మా బంధువులకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పెళ్లికి పోతే చాలు, "డాక్టరమ్మా, కడుపులో మంట" అని చుట్టూ చేరతారు.

మొదట్లో క్లాసులు, యూనివర్సిటీ క్లినిక్. తర్వాత బయటి ఆసుపత్రులు. చివరి ఏడాది చాలాచోట్ల పూర్తిగా ఎక్స్‌టర్న్‌షిప్, అంటే పొద్దస్తమానం పేషంట్లే. డబ్బుల కాడ తల బొప్పి కట్టేది ఇక్కడే. పనిచేయించుకుంటూనే చాలా యూనివర్సిటీలు ఆ ఏడాదికి కూడా ఫీజు కట్టించుకుంటాయి. కొన్ని క్లినిక్కులు స్టైపెండ్ ఇస్తాయి, కొన్ని రూపాయి ఇయ్యవు. అడ్మిషన్ లెటర్ చూసి స్వీట్లు పంచక ముందే ఈ సంగతి అడగండి. ఇంకోటి, అమెరికాలోనే చదివినా సరే, వర్క్ వీసా మీద ఆడియాలజిస్టుగా చేరాలంటే వీసాస్క్రీన్ అనే హెల్త్‌కేర్ సర్టిఫికెట్ కావాల. చాలామందికి ఇది ఆఖర్లో తెలిసి ఉరుకులు పెడతారు.

అందుకే నేను మా అన్న పాపకు చెప్పింది ఒకటే: ముందు ఇక్కడ బీఏఎస్‌ఎల్‌పీ చెయ్యి, అంటే వినికిడి, మాట లోపాల మీద బ్యాచిలర్స్ డిగ్రీ. బైపీసీ వాళ్లూ చేరొచ్చు, ఎంపీసీ వాళ్లూ చేరొచ్చు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాల, లేకపోతే రిజిస్ట్రేషన్ రాదు. మైసూరులో 1965లో పెట్టిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. సికింద్రాబాదులో, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉంది. మన కడపోళ్లకు బెంగుళూరు మీదుగా మైసూరు ఏమంత దూరం?

అమెరికాలో బ్యాచిలర్స్ ఒక్కటే చేస్తే ఆడియాలజిస్టుగా పనిచేయనియ్యరు. ఇక్కడ బీఏఎస్‌ఎల్‌పీ, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంటే ప్రాక్టీసు చేసుకోవచ్చు. రోజంతా సౌండ్ రూములో కూర్చుని "వినపడితే బటన్ నొక్కండి" అనే పని నీకు పడుతుందో లేదో అప్పుజేయక ముందే తెలిసిపోతుంది. పడితే రెండేళ్ల ఎమ్మెస్సీ ఆడియాలజీ ఇక్కడే ఉంది, లేదంటే ఏయూడీకి రా. కానీ ఇక్కడ చదివినందుకు అక్కడ ఏళ్లు తగ్గుతాయని మాత్రం లెక్కలు వేసుకోవద్దు.

మా అన్నేమో "ముందు నీట్ రాయనీ, సీటు రాకపోతే చూద్దాంలే" అంటాండాడు. ఇది నాకు నచ్చదు. వేరే దారి లేక వచ్చినోళ్లు చంటిబిడ్డ ముందర గంటసేపు ఓపిగ్గా కూర్చోవడం కష్టం.

పాప మాత్రం ఒకటే అడిగింది. "లెక్కలు ఉంటాయా అత్తా?"

ఉంటాయి. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ అంటేనే లాగరిథమ్, ధ్వని భౌతికశాస్త్రమంతా నేర్చుకోవాల్సిందే. మొహం మాడ్చుకుని కిందికి పోయింది. సరే, సాయంత్రం పెద్ద దర్గాకు పోతాండాం, అది ఇంకో వీడియోలో. ఉంటానండీ.